జెరోలమో అడిగి తీసుకున్న గది

ఇటలీలోని జెనోవాలో కింది బజారు నుంచి కొండ మీది వీధులకు జనాన్ని చేరవేసే లిఫ్ట్ ఒకటుంది. దానికి మనిషి అక్కర్లేదని మునిసిపాలిటీ తేల్చేదాకా దాన్ని నడిపింది జెరోలమో త్రవెర్సో. ప్రయాణం నిమిషం కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలోనే, పెట్టెలతో ఎక్కిన పరదేశీలకు హోటల్లో ఎలా ఉండాలో చెప్పి పంపేవాడు.

ఆ సలహాలు అతను గాల్లోంచి పుట్టించినవి కావు. పొద్దున దిగేటప్పుడు ఎవరో ఎర్రబడ్డ కళ్లతో, వీధిలో ఒకటే గోల, కునుకు పడలేదు అనేవారు. ఆ సాయంత్రం ఎక్కిన వాళ్లందరికీ, వీధివైపు గది వద్దు, వెనకవైపు అడగండి అని చెప్పేవాడు. ఇంకెవరో పక్కవాడి గది తమ గదికంటే బాగుందని ఏడిస్తే, మర్నాటి నుంచి, మొదట ఇచ్చిన తాళంచెవి పుచ్చుకోకండి అనేవాడు. ఒక స్విస్ ముసలావిడ గదిలోకి ఎవరో పొరపాటున చొరబడ్డారని విన్నాక, తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకోమనడం మొదలుపెట్టాడు. గదిలో భోంచేస్తే చీమలు వస్తాయని ఎవరు చెప్పారో అతనికే గుర్తులేదు కానీ, అదీ చెప్పేవాడు.

అతను మాత్రం పుట్టి బుద్ధెరిగాక హోటల్లో పడుకోలేదు. పెళ్లయిన కొత్తలో కూడా కొండల్లో ఉన్న భార్య మేనత్త ఇంట్లోనే, మేకల కొట్టం మీది గదిలో గడిపారు. ఆ సంగతి భార్య యోలే అప్పుడప్పుడు గుర్తుచేసేది.

"హోటల్ గడప తొక్కని వాడివి, ఊళ్లో వాళ్లకు పాఠాలు చెప్తావేం?"

"తొక్కినవాళ్లకు ఒక్కో హోటలే తెలుసు. నాకు అన్నీ తెలుసు" అనేవాడు జెరోలమో.

ఉద్యోగం విరమించిన కొన్నేళ్లకు, ఒక సెప్టెంబరులో, వాళ్ల వంటింటి కప్పు నెలలు నిండిన పొట్టలా కిందికి దిగింది. పైఇంటివాళ్ల స్నానాల తొట్టి నుంచి కారిన నీళ్లన్నీ ఏళ్ల తరబడి దూలం తాగింది. భవనం వ్యవహారాలు చూసే ఇంజనీరు వచ్చి, గుమ్మంలోనే నిలబడి మెడ చాపి చూసి, లోపలికి అడుగు పెట్టకుండానే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. దూలం మార్చేదాకా ఇద్దరూ బీమా ఖర్చు మీద హోటల్లో ఉండాలి.

"నేను కియావరిలో మా చెల్లెలింటికి పోతా" అంది యోలే.

జెరోలమో అప్పటికే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముఖంలో పెళ్లికొడుకు కళ వచ్చింది. "హోటల్ సంగతులు తెలిసిన మొగుడు పక్కనుండగా చెల్లెలిల్లు దేనికే? నాతో రా. హాయిగా ఎలా ఉండాలో చూపిస్తా."

ఊళ్లో పడవల ప్రదర్శన జరుగుతున్న రోజులు. ఎక్కడా గదుల్లేవు. చివరికి ఓడరేవు ఎదుట, వసారాల పక్కన 'సిరేనా' అనే పాత హోటల్లో చోటు దొరికింది. పెట్టె ఈడ్చుకుంటూ సందులోంచి రేవుకు దిగి, చేపల అంగళ్లు దాటి, చుట్టు తిరిగి వెళ్లారు. బల్ల వెనక డెబోరా అనే అమ్మాయి నవ్వుతూ తాళంచెవి ముందుకు తోసింది.

"మూడో అంతస్తు సర్. బాల్కనీ ఉంది. రేవంతా కనబడుతుంది."

జెరోలమో ఒక్క వేలితో దాన్ని వెనక్కి తోశాడు. "ఇంకోటి చూడమ్మా."

"మా దగ్గర ఉన్నవాటిలో ఇదే మంచిది సర్."

"అందరూ అలాగే అంటారు."

"బాల్కనీ అంటోంది కదా, జెరోలమో" అంది యోలే.

"నువ్వుండవే. అమ్మాయ్, వెనకవైపు ఏదీ లేదా?"

డెబోరా కాస్త ఇబ్బందిపడింది. "అదే అంతస్తులో ఉందండీ ఒకటి. దాన్ని అడిగి తీసుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. మొన్నటిదాకా దుప్పట్లు పెట్టుకునే గది."

"అదే కావాలి."

వరసలో వెనక నిలబడ్డ తెరచాపల వ్యాపారి, మొదటి తాళంచెవి బల్లమీద ఇంకా కదులుతుండగానే అందుకుని మెట్లెక్కేశాడు. యోలే అతని వీపు కనుమరుగయ్యేదాకా చూసింది.

వెనకవైపు గదిలో మంచం, బీరువా, చెస్ట్‌నట్ కర్రతో చేసిన బరువైన కుర్చీ ఒకటి ఉన్నాయి. నేల తలుపువైపు వాలి ఉంది. జెరోలమో సంతోషంగా ఊపిరి పీల్చి కిటికీ రెక్కలు తోశాడు. చాలాకాలంగా మూసి ఉన్న ఆకుపచ్చ రెక్కలు కిర్రుమని విడిపోయాయి.

ఎదురుగా వాళ్ల వంటిల్లు ఉంది.

సందు ఎంత ఇరుకంటే, ఇటొకరూ అటొకరూ నిలబడి చేతులు చాపితే వేళ్లు తగులుతాయి. తమ కిటికీ ఎదుట ఎప్పుడూ మూసి ఉండే ఆ ఆకుపచ్చ రెక్కలు ఎవరివో ఇద్దరూ ఇన్నేళ్లలో ఆలోచించలేదు. యోలే బట్టలారేసే తాడు అటు వాళ్ల గోడ నుంచి బయల్దేరి ఇటు ఈ కిటికీ పక్కనున్న గిలక చుట్టూ తిరిగి పోతోంది. దాని మీద జెరోలమో బనియన్లు రెండు ఇంకా వేలాడుతున్నాయి. లోపల ఎవడో యోలే పొయ్యి మీద యోలే గిన్నెలో కాఫీ కాస్తున్నాడు.

"ఎవరు నువ్వు?" అంది యోలే.

"దూలం మార్చడానికొచ్చిన మేస్త్రీనమ్మా. విల్మెర్ అంటారు. మీరు?"

"ఆ పొయ్యి నాది."

విల్మెర్ ఒకసారి పొయ్యినీ, ఒకసారి ఆమెనూ చూశాడు. అతనిది ఈక్వడార్. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, సగం జెనోవా కప్పులు తన భుజాల మీద మోసినవాడు. దేనికీ కంగారుపడే రకం కాదు. "అయితే చక్కెర ఎక్కడుందో చెప్పండి. ఇందాకటి నుంచి వెతుకుతున్నా."

"బియ్యం అని రాసున్న డబ్బాలో చూడు."

జెరోలమో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు. విల్మెర్ కాఫీ ముగించి గోడకు డ్రిల్లింగ్ మొదలుపెట్టాడు.

మర్నాడు భోజనం దగ్గర చిక్కొచ్చింది. హోటల్ కనబడే దూరంలో ఉన్న తిండి దుకాణంలో తినకూడదని జెరోలమో నియమం. హోటల్ ఎత్తుగా ఉండటంతో పేటలో ఎక్కడ నిలబడినా అది కనబడుతూనే ఉంది. మధ్యాహ్నందాకా తిరిగి తిరిగి, ఖాళీ కడుపుతో గదికి వచ్చారు. యోలే బూట్లు విప్పి కిటికీ దగ్గరకు వెళ్లింది.

"విల్మెర్, తిన్నావా?"

"ఇంకా లేదమ్మా."

"కింది అరలో కూరగాయలున్నాయి. పాడైపోతాయి. చెయ్యి కడుక్కుని కత్తి తీసుకో."

అలా కూరగాయల సూపు మొదలైంది. ఇటునుంచి యోలే చెప్పడం, అటునుంచి విల్మెర్ తరగడం.

"ముక్కలు ఇంకా చిన్నగా కొయ్యి నాయనా. నీకు పళ్లున్నాయి, ఈయనకు లేవు."

"ఉన్నాయి" అన్నాడు మంచం మీంచి జెరోలమో.

"ఉప్పు ఇప్పుడే వెయ్యకు. ఆ బాసిల్ మొక్కకు కాసిని నీళ్లు కూడా పొయ్యి, తలవాల్చేసింది."

సూపు ఉడికాక, విల్మెర్ దాన్ని సున్నం బకెట్‌లో, కంగారు పడకండి కొత్తదే అని చూపించి మరీ, గిన్నెతో సహా దించి తాడుకు తగిలించాడు. యోలే తాడు లాగింది. గిలక కీచుమంది. బకెట్ రెండు బనియన్ల మధ్య ఊగుతూ హోటల్‌కు వచ్చింది.

"గదిలో తినకూడదే" అన్నాడు జెరోలమో.

"ఏం?"

"చీమలు."

"మూడో అంతస్తుకు చీమలొస్తే వాటిక్కూడా కాస్త పెడదాం."

అతను తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. కానీ వాసన గదుల ముందున్న నడవా పొడుగునా పాకింది. కాసేపటికి డెబోరా తలుపు తట్టింది.

"సర్, గదిలో వంట చేస్తున్నారా?"

"లేదమ్మా. వంట మా ఇంట్లో అయింది."

"మీ ఇల్లెక్కడ?"

"ఇక్కడే."

డెబోరా మళ్లీ తట్టింది. "ఒకసారి తలుపు తీస్తారా?"

తలుపుకు కుర్చీ అడ్డం ఉంది. దాని వీపు పిడి కిందికి పోయి కూర్చుంది. నేల వాలుగా ఉండటంతో కుర్చీ వెనక్కి రావడంలేదు. జెరోలమో కుర్చీని లాగాడు, యోలే జెరోలమోని లాగింది. బయట డెబోరా సాయం చేద్దామని పిడిని గట్టిగా తిప్పింది, దాంతో అది మరింత బిగుసుకుంది.

"తీయనంటున్నారా సర్?"

"తీయాలనే ఉందమ్మా."

యోలే నడుం పట్టుకుని లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. "విల్మెర్, పొయ్యి ఆపేసి ఒకసారి ఇటు రా. రంపం తెచ్చుకో."

విల్మెర్ పరంజా కోసం తెచ్చుకున్న పొడుగాటి చెక్కను ఈ కిటికీ గట్టు నుంచి ఆ కిటికీ గట్టుకు వేశాడు. కాలితో ఒకసారి నొక్కి చూశాడు. నడుముకు తాడు కట్టుకుని దాని రెండో కొసను వంటింటి ఇనపకడ్డీకి బిగించి, రంపం చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

సరిగ్గా అప్పుడే కింద సందులోకి ఎర్ర గొడుగు పైకెత్తుకుని ఒక గైడు, వెనకాల పాతికమంది దాకా యాత్రికులు వచ్చారు. గైడు తలెత్తి చూసి ఆగిపోయాడు. కానీ ఆ వృత్తిలో ఎక్కువసేపు నోరు మూసుకోవడం కుదరదు.

"పైకి చూడండి. పాతరోజుల్లో పగలూ ప్రతీకారాలూ ఉండేవి. శత్రువుల కంట పడకుండా జెనోవా వాళ్లు ఇలా ఇంట్లోంచి ఇంట్లోకి నడిచేవాళ్లు. కొన్ని కుటుంబాలు ఆ ఆచారం ఇప్పటికీ వదల్లేదు."

"కుర్చీ ఇరుక్కుంది" అని పైనుంచి చెప్పాడు జెరోలమో.

"ఆ పెద్దాయన పాత జెనోవా భాషలో మనకు స్వాగతం చెప్తున్నారు" అన్నాడు గైడు.

పాతికమందీ చేతులూపారు. ఏం చెయ్యాలో తోచక జెరోలమో కూడా ఊపాడు.

విల్మెర్ కుర్చీ కాలు ఒకటి కోసేశాడు. కుర్చీ పక్కకు ఒరిగింది. తలుపుతోపాటు డెబోరా కూడా లోపలికి వచ్చి పడింది. సున్నం అంటిన బట్టల్లో ఉన్న మేస్త్రీని చూసింది.

"ఈయన ఎలా వచ్చాడు?"

"కిటికీలోంచి" అన్నాడు జెరోలమో.

"ఇది మూడో అంతస్తు సర్."

"మాదీ మూడో అంతస్తే" అంది యోలే.

డెబోరా మంచం అంచున కూలబడింది. యోలే మిగిలిన సూపు గిన్నెలో పోసి ఆమె చేతికిచ్చింది. ఆ అమ్మాయి సొంతూరు సవోనా. రెండు చెంచాలు తాగి, మా అమ్మ ఇందులో గుమ్మడికాయ వేస్తుందండీ అంది. యోలేకు అది నచ్చలేదు. గుమ్మడికాయ వెయ్యొచ్చా లేదా అని ఇద్దరూ వాదించుకుంటుంటే, విల్మెర్ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. విరిగిన కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

జెరోలమో మాత్రం కోసేసిన కాలు చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాడు. లిఫ్ట్‌లో ఎక్కిన ముఖాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తలలూపుతూ, వాళ్ల భాషల్లో ధన్యవాదాలు చెప్తూ దిగినవాళ్లు. వాళ్లంతా వెనకవైపు గదులు అడిగి తీసుకుని ఏం చూశారో. తలుపులకు కుర్చీలు పెట్టుకుని ఏమయ్యారో.

"యోలే, ఇన్నేళ్లలో ఒక్కడు కూడా తిరిగొచ్చి నన్ను తిట్టలేదే" అన్నాడు దిగాలుగా.

"తలుపు తీయగలిగితే కదా వచ్చేది."

ఆ తర్వాత అతను సలహాలు మానేశాడు. పొద్దున ఫలహారాల దగ్గర ఒక ఫ్రెంచి జంట, సముద్రస్నానానికి ఏ ఒడ్డు మంచిదండీ అని అడిగితే, నాకు తెలియదు, నేనీ ఊరివాణ్నే అన్నాడు. వాళ్లు అర్థం కాక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఎర్ర గొడుగు గైడు మాత్రం రోజూ రావడం మొదలుపెట్టాడు. చెక్క తీసేశాక, ఆ ఆచారం ఇవాళ ఒక్కరోజు ఉండదని యాత్రికులకు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం జెరోలమో కునుకు తీసి లేచేసరికి పక్కన యోలే లేదు. ఎదురుగా వంటింట్లో గరిటె తిప్పుతూ కనబడింది. అతను కిటికీలోంచి సగం బయటికి వంగాడు.

"గాల్లో నడిచి వెళ్లావా?"

"మెట్లెక్కి వచ్చాను, పిచ్చివాడా. ఇంటి తాళంచెవి నా దగ్గర లేదూ?"

కొత్త దూలం ఎక్కింది. ఇంజనీరు వచ్చి ఈసారి దాని కిందే నిలబడి కాఫీ తాగి, ఇంటికి రావచ్చన్నాడు. వాళ్లు ఖాళీ చేసిన గదిలోకి ఆ సాయంత్రమే ఒక డెన్మార్క్ జంట దిగింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. ఎదురింట్లో బనియన్‌తో సూపు తాగుతున్న జెరోలమోను చూసి, తమకొచ్చిన ఒకే ఒక్క ఇటాలియన్ ముక్కతో, చాలా మర్యాదగా, హాయిగా భోంచెయ్యండి అన్నారు.

జెరోలమో చెంచా వదిలి లోపలికెళ్లి కోటు వేసుకొచ్చాడు. మర్నాడు టై కూడా కట్టాడు. "ఒక కర్టెన్ కుట్టించవే" అని బతిమాలాడు.

"ఎందుకు, మంచివాళ్లలా ఉన్నారు" అంది యోలే. రొట్టె బుట్ట కిటికీవైపు జరిపింది. వాళ్లకు బాగా కనబడాలని.

ఒకరోజు వాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు ఆ డేనిష్ ఆయన నడుముకు తువ్వాలుతో, ఒళ్లంతా సబ్బుతో కిటికీలోకి వచ్చాడు. భాష కుదరక, చేతులతో వణుకు చూపించి, నీళ్లు అన్నట్టు సైగ చేశాడు. జెరోలమో కోటు గుండీ పెట్టుకుని లేచాడు. ఆ గదిలో వేడినీళ్లు రావాలంటే చల్లనీళ్ల కుళాయి తిప్పాలి. మొదటిరోజే దాని కింద తను వణికాడు కాబట్టి తెలుసు. నీలం గుర్తున్నది, అని కిటికీ బయటికి వంగి వేలితో గాల్లో తిప్పి చూపించాడు.

ఆయన లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి నీళ్ల చప్పుడూ, దానితోపాటు ఏదో కూనిరాగమూ సందు దాటి వచ్చాయి.

జెరోలమో కూర్చుని మిరియాలపొడి అందివ్వమన్నాడు.