రాతి బల్లిని ముట్టినవాడు

పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర పడిన రోజుల్లో మనిషి కాళ్ళు నేల మీద నిలవవు. నావి అసలే నిలవలేదు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో కొత్తగా చేరిన నన్ను, మేనేజరుగారికి వీసా రాకపోవడంతో, శాంపిళ్ళ పెట్టె ఇచ్చి గ్రీసులోని క్రీటు దీవికి పంపారు. పని అయ్యాక అక్కడి వ్యాపారి పడవెక్కించి డియా అనే చిన్న దీవి చూపించాడు. అక్కడ కొండమేకలే గానీ మనుషులుండరు. క్రీటును మింగడానికొచ్చిన పెద్ద బల్లిని వాళ్ళ దేవుడు జ్యూస్ పిడుగేసి రాయిని చేశాడట, అదే ఈ దీవట. దూరం నుంచి నిజంగానే బల్లి పడుకున్నట్టుంటుంది. (దగ్గర్నుంచి ఎలా ఉంటుందో నన్నడక్కండి. అందరూ దిగి తిరుగుతుంటే నేను పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటున్నాను.) అయినా ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం 'బల్లి దీవి మీద కాలు పెట్టాను' అని ఘనంగా రాసుకున్నాను.

పర్చూరు దగ్గర మా ఊరికి వచ్చేసరికి ఇంట్లో ఎవరి మొహానా కళ లేదు. మూడు రోజుల క్రితం నాయనమ్మ నడినెత్తిన బల్లి పడిందట. నెత్తిన పడితే చావు భయమని పంచాంగంలో ఉంది. కంచిలో బంగారు బల్లిని ముట్టినవాళ్ళను ముట్టుకుంటే దోషం పోతుందంటారు గానీ, మా వీధిలో కంచి వెళ్ళినవాళ్ళే లేరు. ఆవిడ అన్నం మానేసి మజ్జిగతో గడుపుతోంది. నన్ను చూడగానే మా బాబాయి (గొంతును బట్టి ఊళ్ళో ఆయన్ను మైకు అంటారు) వీధంతా వినిపించేలా అరిచాడు.

"కంచిలోది జానెడు బల్లి! మనోడు దీవంత బల్లిని తొక్కొచ్చాడు! అమ్మా, వీణ్ణి ముట్టుకో, దెబ్బకి పోద్ది దోషం!"

"తొక్కితే పాపం కదండీ? చేత్తో ముట్టాడో లేదో కనుక్కోండి," అంది పక్కింటి పిన్నిగారు.

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెబితే నా పరువు పోతుంది, నాయనమ్మ అన్నం ముట్టదు. "చేత్తోనే ముట్టానండీ," అన్నాను. నాయనమ్మ నన్ను కాసేపు చూసింది. నా చెయ్యి కళ్ళకద్దుకుని, "అన్నం పెట్టండే," అంది. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, వీధిలో సగం మంది వచ్చి నన్ను ముట్టుకుని వెళ్ళారు.

అందరూ వెళ్ళాక నాయనమ్మ నన్ను మంచం దగ్గరకు పిలిచింది. "ముట్టలేదు కదరా? అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతయ్యి."

సిగ్గుతో చచ్చిపోయాను. "మరి అన్నం ఎందుకు తిన్నావు?"

"అంతమందిలో నీకు తల కొట్టేసినట్టు అవదట్రా?"

"మరి భయం?"

"అదెక్కడికి పోద్ది? ఉంది. దాంతోనే తిన్నా."

ఆ తర్వాత ఆరేళ్ళు నిక్షేపంగా బతికింది. ఆ ఆరేళ్ళూ, ఊళ్ళో ఎవరి మీద బల్లి పడినా, "మా మనవడు ముట్టొచ్చాడమ్మా, వాడి దగ్గరకెళ్ళండి," అని తనే పంపేది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నా అబద్ధాన్ని నాకంటే భద్రంగా మోసింది ఆ ముసలావిడ.