అర్మిల్డె రాసిన చీటీలు

ఎస్తోనియా దక్షిణాన, వోరు జిల్లా పల్లెలో పాలు పితికే అర్మిల్డె పందొమ్మిదేళ్లుగా జీతం లేని ఇంకో పని కూడా చేస్తోంది. ముసలివాళ్ల నోట విన్న మాటల్ని చీటీల మీద రాస్తుంది. చీటీకి ఒకే మాట. కింద ఆ మాటున్న వాక్యం, అన్నవాళ్ల పేరు, వయసు, ఊరు. వాటిని కట్టగట్టి నగరంలోని నిఘంటువు కార్యాలయానికి పంపుతుంది.

ఈ ఏడు తొంభై చీటీలు తిరిగొచ్చాయి. వాటి వెనకే రైమో అనే కుర్ర పండితుడు కూడా వచ్చాడు.

“పుస్తకాల్లో దగ్గరున్నదానికొక మాట, దూరాన ఉన్నదానికొక మాట. మీరేమో ఎదుటివాడి దగ్గరున్నదానికి ఇంకొకటి రాశారు. విభక్తులూ వేరే. ఇవన్నీ మీరు కల్పించారని మా పెద్దల అనుమానం,” అన్నాడు.

కల్పించిందట! అర్మిల్డెకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఆవులు పితికి, కొంకర్లు పోయిన వేళ్లతో రాసినదానికి ఈ బహుమానం!

“పద బాబూ, అన్నోడినే అడుగుదువు,” అని పొరుగున ఉన్న ఎనభై ఎనిమిదేళ్ల పీడో ఇంటికి లాక్కుపోయింది.

రైమో టేపు రికార్డరు తిప్పగానే పీడో టోపీ తీసి, గుండీలు పెట్టుకుని, బడిలో బెత్తం కింద నేర్చిన భాష అందుకున్నాడు. “ఇది నా బల్ల. అది మీ కుర్చీ.” గంటసేపు అదే వరస.

“ఏటి తాతా, నా పరువు తీసినావు?”

“సదువుకున్నోడి ముందు ఇంటి బాస ఏం మరియాదే?” అని గొణిగాడు పీడో.

నోరు నొక్కింది వీళ్ల చదువే. ఇప్పుడు ఆ నోట్లో మాటే లేదని తేల్చేదీ వీళ్లే.

రైమో రీలు తీసేసి పెట్టె మూశాడు. దాన్ని తీసుకెళ్లి, మొలకలకని బల్ల మీద పరిచిన విత్తనపు దుంపల మీద పెట్టాడు.

“ఓలమ్మో, నా దుంపలు!” పీడో బల్ల మీదికి వంగి దుంపలకు చేతులు అడ్డం పెట్టాడు. “ఈటిని ముట్టకు! ఉల్ల నీ సేతికింద పెట్టె తియ్యి! అల్ల గుమ్మం కాడ బూట్లు తొడుక్కుని ఫో!”

తన దగ్గరి దుంపలకొకటి, ఎదుటివాడి చేతికింది పెట్టెకొకటి, దూరాన గుమ్మానికొకటి: మూటికీ మూడు మాటలు, అన్నిటికీ ముత్తాతల నాటి విభక్తులు.

“విన్నావా?”

“విన్నాను. కానీ రీలు తీసేశాను కదండీ. బస్సు టైమైంది, వచ్చే ఏడు...”

“వచ్చే ఏటికి తాత ఉంటాడని నీ ఆఫీసోళ్లు రాసిచ్చినారా?” అర్మిల్డె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఖాళీ చీటీ అతని చేతిలో పెట్టింది. “రాయి. అన్నోడు పీడో. ఇన్నోడు నువ్వు.”

రైమో నిలబడే రాశాడు. ఆమె చదివింది. మాటైతే ఉంది, చివర విభక్తి మాత్రం చేతి అలవాటుకొద్దీ పుస్తకంలోదే పడింది.

ఆమె దాన్ని చింపేసి, ఇంకో చీటీ ఇచ్చింది.

“మళ్లీ రాయి.”