గ్రేసత్త అడిగిన బూజు గింజలు

ప్రొద్దుటూరులో మా వీధి చివర ఈమధ్య గానుగ పెట్టారు. పొద్దున్నే వేరుశనగ నూనె వాసన వెచ్చగా మా గుమ్మం దాకా వస్తుంది. కూరలకని బయలుదేరి అక్కడ కాసేపు నిలబడటం నాకు అలవాటైపోయింది. మొన్న ఒక బస్తా మూతి విప్పగానే ఆ కమ్మదనం అడుగున, వానకు నానిన గోడ దగ్గర వచ్చేలాంటి ముక్కిన వాసన సన్నగా తగిలింది. "ఆ బస్తా పక్కన పెట్టప్పా" అన్నాను. ఎందుకో చెప్పి, గానుగాయన విసుక్కుంటూ పెట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఈ మొండితనం నాకు మా మేనత్త దగ్గర అబ్బింది.

గ్రేసత్త మా నాయనకు అక్క. జమ్మలమడుగు మిషను బడిలో మొదలుపెట్టి, చదివిన చదువు చాలక పై చదువులకు పోయి, హైదరాబాదులో పరిశోధనశాలలో చేరింది. తిండిలో ఏముంటుంది, అది ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది అన్నది ఆమె పని. మా వైపు నుంచి ఆ చదువు చదివిన మొదటి ఆడమనిషి ఆమేనంటారు. జీవరసాయన శాస్త్రం అనడానికి నోరు తిరగక ఊళ్లో అందరూ దాన్ని "మందుల చదువు" అనేవాళ్లు.

మాది పెద్దముడియం పక్కన చిన్న పల్లె. వేరుశనగ పీకే రోజులొస్తే ఇల్లంతా మట్టి వాసన, పచ్చికాయ వాసన. కట్టెలపొయ్యి మీద ఉప్పేసి ఉడికించిన కాయలు ఒడినిండా పోసుకుని తింటూ తిరిగేవాళ్లం. చేలో కంపనిప్పుల్లో కాల్చిన కాయలను ఊదుకుంటూ వలిచి మూతులు నల్లగా చేసుకునేవాళ్లం. రాత్రికి వేడి సంగటిముద్ద, పక్కన రోట్లో కచ్చాపచ్చాగా నూరిన వేరుశనగ ఊరిబిండి. ఎండిన కాయలు వలిచి, గింజలు ఏరడం మాత్రం మా జేజి, అంటే నాయనమ్మ, పెత్తనం. నిండు గింజలు విత్తనానికి, వాటి తర్వాతవి చుట్టాలకు, పిల్లలకు, మిగతావి అమ్మకానికి. ముడతలు పడ్డవి, నల్లమచ్చలవి పొయ్యి పక్కనున్న పాత చాటలోకి పోయేవి. గింజ పారేస్తే దేవుడు మెచ్చడని జేజి అనేది. ఆ చాట సంగతి మేమెవరం పట్టించుకోలేదు.

నాకు పదేళ్లప్పుడు, పీకిన వేరుశనగ చెట్లు చేలో ఉండగానే వారం రోజులు ఎడతెగని వాన పడింది. ఆ పంట వలిచేసరికే అత్త సెలవు పెట్టుకుని వచ్చింది, చిన్నచిన్న గుడ్డసంచులు, అంకెలు రాసిన చీటీలు పెట్టెనిండా పట్టుకుని. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా బస్సెక్కుతూ దిగుతూ పల్లెపల్లె తిరిగి, ఇంటింటా దోసెడు గింజలు అడిగి తెచ్చేది. బూజు పట్టినా పర్వాలేదు, ఉన్నవి ఉన్నట్టు పొయ్యండి అనేది. "ఇంత చదివి బూజు గింజలు అడుక్కుంటాంది" అని వెనకాల నవ్వేవాళ్లు. నవ్విన నాపచేనే పండుతుందంటారు గానీ, ఆ చేను పండటానికి ముందు మేమే దాన్ని దున్నిపారేశాం.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అత్త టికెట్టు కోసం కడపకు పోయింది. ఇంట్లో కర్జికాయలు వత్తడానికి ఇరుగమ్మలు పొరుగమ్మలు చేరారు. జేజి అత్త పెట్టెలోని ఒక సంచి మూతి విప్పి చూసి, గుప్పెట్లో నాలుగైదు పచ్చటి బూజు గింజలు కనబడేసరికి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఇవి హైదరాబాదుకు పోతే మనోళ్ల పరువేం గావల్ల?" అంది.

ఇక అందరం కూర్చున్నాం. నేనూ కూర్చున్నాను. ప్రతి సంచీ కుమ్మరించి, పాడైనవి పొయ్యిలో వేసి, ఆ వెలితికి మా విత్తనపు గింజలు పోసి, ఎవరి చీటీ వాళ్ల సంచికే కట్టాం. చీటీలు మారకుండా చూసినందుకు నాకు రెండు కర్జికాయలు బహుమానం కూడా దొరికాయి.

సాయంత్రం అత్త వచ్చి సంచులు విప్పింది. ఒకటి, రెండు, పది. తర్వాత గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నెలరోజుల తిరుగుడు, ఆ ఏడాది పని మొత్తం పొయ్యిలో కాలిపోయిందని మాకు మెల్లగా అర్థమైంది. నా నోట్లో తీపి ఒక్కసారిగా చేదైపోయింది.

"మంచియే పోసినా గదా పాపా" అంది జేజి బిక్కమొహంతో.

అత్త తలెత్తింది. "అమ్మా, ఎవురన్నా గింజలు అడిగితే మీరు ఏరే ఇస్తారా?"

"ఏరకుండా ఎట్లిస్తారు? ఇంటికొచ్చి అడిగినోళ్లకు పుచ్చుయి పోస్తారా యాడన్నా?"

అప్పుడు అత్త ముఖం మారింది. రెండేళ్లుగా ఆమె పరీక్షల్లో బూజు విషం జాడ అంతంతమాత్రంగానే తేలుతోందట. ప్రతి ఇంట్లోనూ మర్యాదకు ఏరే పోశారన్న మాట. ఆమె చూసిందంతా చుట్టాలకు పెట్టే గింజలు, ఇంట్లోవాళ్లు తినేవి కావు.

"మరి ఏరి తీసినయి?"

మా అమ్మ లేచి పొయ్యి పక్కనున్న చాట తెచ్చి ఆమె ముందు పెట్టింది. "మేం ఆడోళ్లం నూరుకోని తింటాం వదినా" అంది.

ఆ బూజులో విషముంటుందనీ, వేయించినా పోదనీ, ఏళ్లతరబడి తింటే కాలేయాన్ని తినేస్తుందనీ అత్త మెల్లగా చెప్పింది. జేజి చాట దగ్గరికి లాక్కుని చూసింది.

"అంటే ఇన్నేండ్లూ నా పిల్లోళ్లకు ఇసం పెట్టినానా?"

"మాకు యాడ పెట్టినావు?" అంది అత్త. "మంచియి మాకు పెట్టి, ఇవి నువ్వు తిన్నావు."

మర్నాడు పొద్దున్నే జేజి ఆ చాట చంకన పెట్టుకుని అత్తతో బయలుదేరింది. ఇంటిగుట్టు గడప దాటనివ్వని మనిషి, మొదటి ఇంట్లోనే పదిమంది ఆడవాళ్ల ముందు చాట కింద పెట్టింది. "ఇదీ మా ఇంటి బండారం. శానా ఏండ్ల నుంచి తింటాన్నా. మీది తీయండి, సిగ్గుపడాకండి" అంది. తర్వాత ఒక్కొక్కరే తమ ఇళ్లకు పోయి చాటలు తెచ్చారు. అత్త సెలవు పొడిగించుకుంది. ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో పండగ సరిగా జరగలేదు, ఎవరికీ ఆ బాధా లేదు.

అంగట్లో కాకుండా పొయ్యి పక్కన వెతికిన మొదటి మనిషి ఆమేనని అత్త శిష్యులు ఇప్పటికీ చెబుతారు. తర్వాత ఏటా వచ్చి, కాయలు ఎట్లా ఆరబెట్టాలో, ఏవి గుంటలో పూడ్చాలో ఊరూరా చెప్పింది. జేజి పక్కనే నిలబడి, వినని వాళ్లను తిట్టేది.

ఇప్పుడు జేజి లేదు, అత్తా లేదు. వేరుశనగ చేలు తగ్గిపోయాయి, పులివెందుల వైపు ఎటు చూసినా చీనీ బత్తాయి, అరటి తోటలే. కంపనిప్పుల్లో కాల్చిన కాయ రుచి మా మనవలకు తెలియదు, కర్జికాయలు కూడా దుకాణం నుంచే వస్తున్నాయి. వీటన్నిటికీ నాకు బెంగే. పొయ్యి పక్క చాట కూడా పోయింది. దానికి మాత్రం బెంగ లేదు, అది పోయినందుకు అత్తకు చేతులెత్తి మొక్కుతాను.

మా అమ్మకు ఎనభై ఐదు దాటాయి. మా ఇంట్లో అంతకాలం బతికిన ఆడమనిషి ఇంకొకరు లేరు. అదంతా అత్త చలవేనంటే, ఆమె బతికుంటే గనక ఆధారం చూపించమని నన్నే అడిగేది. గింజలు తెచ్చిన రోజున మొదటి దోసెడు, నిండువి చూసి, అమ్మ ఒళ్లో పోస్తాం. "నాకెందుకు పాపా, పిల్లోళ్లకు పెట్టండి" అంటుంది. అంటూనే తింటుంది.