కట్టలో పుట్ట

మీ చేని కుంట కట్టలో ఒక పుట్ట ఉంది. కుంట నీళ్ళన్నీ దాని కిందుగా కారిపోతున్నాయి. మీరు పార పడతారా, పాలు పోస్తారా?

పార అని ఠక్కున చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అంత సులువుగా చెప్పకూడదని నాకు రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా అక్క చేనిలో తెలిసింది.

అక్కను నల్లమాడ వైపు ఒక పల్లెకు ఇచ్చారు. అక్కకూ బావకూ ఉన్నదంతా ఎర్రనేల మెట్ట చేను. దాని పల్లంలో, వానకు పారే వంక నీళ్ళు మళ్ళేలా, ఊరివాళ్ళు కూలికి వచ్చి కుంట తవ్వి కట్ట పోశారు. కట్ట సాగే దారిలో నడుమెత్తు పుట్ట ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని తవ్వడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అలాగే ఉంచి, అటూ ఇటూ మట్టి పోసి, కట్టలో కలిపేశారు. దూరం నుంచి చూస్తే కట్టకు మూపురం మొలిచినట్టుండేది.

వాన పడితే కుంట నిండేది. నాలుగో రోజుకు బురద మిగిలేది. కట్ట అవతలి పక్క మాత్రం ఎండాకాలంలో కూడా గరిక పచ్చగా ఉండేది.

అప్పటికి వరుసగా రెండేళ్ళు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. కాయ కట్టే ఆ ఊడ నేలలోకి దిగాలంటే నేల మెత్తబడాలి. ఒక్క తడి ఇస్తే చాలు, ఆ ఒక్క తడికే నీళ్ళు లేవు. ఈ ఏడూ ఇంతే అయితే బెంగుళూరు పోయి కాంక్రీటు మోస్తానని బావ చెప్పేశాడు. అక్క అతనితో వాదించలేదు. నాకు కబురు పంపింది.

నేను వెళ్ళాను. కట్ట అవతలికి దిగి, నీళ్ళు ఊరుతున్న చోటు చూసి, ఇదేం పెద్ద పనీ అన్నాను. బావా నేనూ ఒక రోజంతా రాళ్ళు పేర్చి, సిమెంటు కలిపి, ఊట వస్తున్న బొక్కలన్నీ బయటినుంచి మూసేశాం. సిమెంటు గట్టిపడుతుంటే చూసి మురిసిపోయాను. పుట్ట జోలికి పోకుండానే పని అయిందని బావ నాకంటే ఎక్కువ మురిసిపోయాడు.

తర్వాతి వానకు కుంట నిండింది. బయటికి దారి లేని నీళ్ళు కట్ట లోపలే నిలిచి మట్టిని నానబెట్టాయి. రెండో రోజు మా సిమెంటుతో సహా కట్ట అవతలి వాలు మంచమంత మేర జారిపోయింది. ఒక్క చోట కారేది మూడు చోట్ల కారసాగింది.

పుట్టకు కోపం వచ్చినట్లుందని బావ మెల్లగా అన్నాడు. నేను ఊరుకుంటానా? అది పాములు కట్టిన ఇల్లు కాదనీ, చెదపురుగులు కట్టిందనీ, లోపలంతా గొట్టాల్లాంటి దారులుంటాయనీ, పాము పాలు తాగదనీ, సభలో ఉపన్యాసం చెప్పినట్టే చెప్పాను. చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. బావ తల వంచుకొని అంతా విన్నాడు.

పక్క బీడు నేలలో గొర్రెలు మేపుకొనే ముసలాయన అప్పటికే వచ్చి కట్ట మీద కూర్చున్నాడు. "ఏమప్పా, నీ మాటలకు నా గొర్రెలు గూడా మేత మానేసి నిలబడినాయే," అన్నాడు. అక్క చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆయన కర్రతో మా సిమెంటు పెళ్ళను తట్టి, "నోరు మూస్తే వాంతి ఆగుతాదా? కడుపులోకి యాడినుంచి పోతాందో చూసుకోవల్ల గానీ," అన్నాడు.

చూసే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. అక్క ఇంటినుంచి గంపెడు వేరుశనగ పొట్టు తెచ్చి, మిగిలిన నీళ్ళ మీద చల్లింది. గాలి లేదు. పొట్టు కాసేపు ఎక్కడిదక్కడ ఉండి, తర్వాత నిదానంగా ఒకే వైపు కదిలింది. పుట్ట మొదట్లో చేరి, గిర్రున తిరిగి, ఒక్కొక్కటిగా లోపలికి పోయింది. నా వాదన గెలిచినట్టే. బావ మాత్రం పార కింద పెట్టి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చున్నాక చెప్పాడు. వాళ్ళమ్మకు చాలా ఏళ్ళు పిల్లలు లేరు. ఈ పుట్ట చుట్టూ తిరిగి మొక్కుకుంటే తను పుట్టాడని ఆమె చనిపోయేదాకా నమ్మింది. "నువ్వు చెప్పేది నిజమే గావచ్చు బామ్మర్దీ. అయినా మాయమ్మ చేతులెత్తి మొక్కింది ఈడ. నా చేత్తో ఎట్ల తవ్వేది?"

దీనికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అక్క దగ్గర ఉంది.

"మన పెండ్లికి నవధాన్యాలు మొలకేసిన పాలికల్లోకి పుట్టమన్ను యాడిది?" అని మొగుణ్ణి అడిగింది. "మీయమ్మే గదా గడ్డపార పట్టుకోనొచ్చి ఈ పుట్టనే తవ్వింది? ఆ పొద్దు రాని కోపం ఈ పొద్దెందుకొస్తాది?"

"ఆ పొద్దు రెండు గుప్పిళ్ళు," అన్నాడు బావ.

"ఈ పొద్దు రెండు బండ్లు. ఇల్లు నిలబడేదానికే గదా అదీ, ఇదీ."

బావ లేచాడు. కింద పెట్టిన పార తీసి భుజాన వేసుకున్నాడు.

కుంట ఎండిన రోజు అక్క తలస్నానం చేసి, పెళ్ళిలో చేసినట్టే పుట్టకు పసుపూ కుంకుమా పెట్టింది. పళ్ళెం పట్టుకునేందుకు మనిషి కావలసి వచ్చింది. పట్టుకున్నాను. తొలి గడ్డపార పోటు బావే వేశాడు. లోపల పాము లేదు. పాతబడిన కుబుసం ఒకటి దొరికింది. బావ దాన్ని ఆకులో చుట్టి చేని గట్టున పెట్టి వచ్చాడు.

చెదల దారులు కనబడకుండా పోయేదాకా, నేల గట్టి తగిలేదాకా తవ్వాం. ఊరి చెరువులోని ఒండ్రుమట్టి బండ్లతో తోలి, పుట్టమన్ను కలిపి, నీళ్ళు చల్లి, జానెడు మందాన పరిచాం. పరిచిన ప్రతిసారీ ముసలాయన తన మందను దాని మీద అటూ ఇటూ తోలాడు. గొర్రె డెక్క చిన్నది, మట్టిని కసిగా కుక్కుతుంది. మట్టి మీద కాలు దిగబడకపోతేనే ఆయన పై పొరకు ఒప్పుకున్నాడు. నీళ్ళు నిలిస్తే తన గొర్రెలు తాగుతాయి, అంతకు మించి ఏమీ వద్దన్నాడు.

ఆ తర్వాత ఒకే ఒక్క గట్టి వాన కురిసింది. అక్క నీటి అంచున పుల్ల గుచ్చి రోజూ చూసేది. ఎండకు తగ్గిన వేలెడు తప్ప తగ్గలేదు. మూడు వారాలు ఆకాశం ఖాళీగా ఉన్నా కుంటలో నీళ్ళున్నాయి. ఊడలు దిగే వేళకు ఆయిలింజను తెచ్చి చేనంతా ఒక తడి పెట్టారు. బావ ఆ ఏడు బెంగుళూరు పోలేదు.

పుట్టలో దేవుడున్నాడని నేను ఈనాటికీ ఒప్పుకోను. అయితే ఆ రోజు నా చేతి సిమెంటుకు ఉన్న ఆధారం కూడా నమ్మకమే, పరీక్ష కాదు. పరీక్ష చేసింది గంపెడు పొట్టు.

కాబట్టి, కుంట ఉన్నవాళ్ళారా, నీళ్ళుండగానే కట్ట ఎక్కండి. పొట్టు చల్లండి, అది ఎటు పోతుందో కళ్ళారా చూడండి. బయట బొక్కలు మూయకండి. దారిలో పుట్ట అడ్డొస్తే, దానికి మొక్కేవాళ్ళ మాట ముందు పూర్తిగా వినండి. విన్నాక, వాళ్ళ చేతికే గడ్డపార ఇచ్చి, వాళ్ళ పక్కన నిలబడి తవ్వండి. వచ్చే వానలోపు తవ్వండి.