నొక్కకముందు చదవాల్సిన మాట

నిదానం ఉద్యోగం ఊడిందన్న మాట మా వీధి ఇస్త్రీ కొట్టులో పుట్టింది. పచారీ కొట్టావిడ దానికి కాళ్ళూ చేతులూ పెట్టింది. అది నిజం కాదని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, ఎదుటివాళ్ళ సంగతులు కనుక్కోవడం ఏనాడూ ఆగలేదు.

నిదానం అన్నది మేం పెట్టుకున్న పేరు. మెట్లెక్కడం, టీ చల్లార్చుకోవడం, అడిగినదానికి జవాబివ్వడం, అతనికి అన్నీ నిదానమే. వయసు యాభై దాటింది. మా ఎదురింటి మేడమీద అక్కతో ఉంటాడు. ఆవిడ నర్సు పని చేసి, మోకాళ్ళ నొప్పులతో మానేసింది. ఇద్దరికీ ఆధారం అతని జీతమే. పూర్వం నీళ్ళ మోటార్లకీ, కుట్టుమిషన్లకీ పెట్టెలో పెట్టే కాగితాలు రాసేవాడు, ఎలా బిగించాలి, ఎలా వాడాలి అని. ఇప్పుడు ఆ పనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంట్లో కూర్చుని చేస్తున్నాడు.

అతని ఇంటినుంచి ఇస్త్రీకి చొక్కాలే వెళ్ళేవి, ప్యాంటు ఒక్కటీ వెళ్ళేది కాదు. మీటింగులో కనిపించేది నడుం దాకానే కదా. సగం మనిషే ఉద్యోగానికి వెళ్తాడని ఇస్త్రీ అతను నవ్వేవాడు. పోయిన నెల ఆ చొక్కాలూ ఆగిపోయాయి. ఇంకేముంది, ఒక్క పేజీ రాయడానికి నెల పట్టిందట, అందుకే తీసేశారట అని మొదలైంది.

ఆ పేజీ సంగతి నాకు తెలుసు. దానిమీద నా వేలు పడింది మరి.

ఒకనాటి సాయంత్రం నిదానం వచ్చి, కాస్త కంప్యూటర్ ముందు కూర్చోమని అడిగాడు. ఆఫీసుల్లో చేయాల్సిన పనులన్నీ అందులో రాసుకుంటారట. పెద్ద పని లోపల చిన్న పనులు, వాటి లోపల ఇంకా చిన్నవి, పెట్టెలో పెట్టె ఉన్నట్టు. ఒక పెట్టెను లోపలి సరుకుతో సహా తీసుకెళ్ళి ఇంకో పెట్టెలో సర్దడానికి కొత్తగా ఒక సాధనం చేశారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీ ఇతను రాస్తున్నాడు. ఏమీ తెలియని మనిషి ఆ పేజీ చదువుకుంటూ తప్పులేకుండా చేయగలిగితేనే రాత సరిగ్గా ఉన్నట్టట.

"ఏమీ తెలియని మనిషి కావాలని తిన్నగా నా దగ్గరికే వచ్చావా, నాయనా?" అన్నాను.

"తెలియకపోయినా మీరు ఆగరు కదా, పిన్నిగారూ. జనం అంతా అంతే" అన్నాడు.

మా ఇల్లు బాగుచేయించడమే అందులో ఉదాహరణగా పెట్టాడు. 'ఇల్లు' అన్న పెద్ద పెట్టెలో 'వంటగది', వంటగదిలో 'కుళాయి', 'అలమర'. కుళాయి బిగించే మేస్త్రీ తన పనిని తన ఫోనులో చూసుకుంటాడన్నమాట. ఇప్పుడు ఆ వంటగదిని 'అద్దె వాటా' అన్న పెట్టెలోకి జరపాలి. వేలుతో పదం పదం పట్టుకుని చదువుతూ చేశాను. మూడో మెట్టు నొక్కమంది, నొక్కాను. వంటగది పిల్లల్ని చంకనేసుకుని అద్దె వాటాలోకి వెళ్ళి కూర్చుంది. ఎంత ముచ్చటేసిందో!

తర్వాత నాలుగో మెట్టు చదివాను. కొత్త చోట లేనివాళ్ళకి ఈ పనులు ఇక కనబడవు, కాబట్టి వాళ్ళని ముందే అక్కడ చేర్చండి అని ఉంది. చూస్తే అద్దె వాటాలో మేస్త్రీ పేరు లేదు. అతని ఫోనులో మా కుళాయి మాయమైపోయింది, ఆ సంగతి అతనికి చెప్పే దిక్కూ లేదు. ముందు చేయాల్సింది వెనక చెప్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదా అని అడిగాను. నిదానం నవ్వలేదు. నాకంటే ముందు కూర్చోబెట్టినవాళ్ళు కూడా అక్కడే నొక్కేశారట. ఆ వాక్యాన్ని తీసి మూడో మెట్టుకి పైన పెట్టాడు.

చిక్కంతా అక్కడే వచ్చిందని వాళ్ళక్క చెప్పింది. ఇతని పై అధికారి ఇతనికి కూతురి వయసున్న పిల్ల. మంచిదేనట, కానీ భయపెట్టే మాట పైన కనబడితే కొత్తవాళ్ళు ఆ సాధనం జోలికే రారని, కిందే ఉంచమని పట్టుబట్టింది. ఇతను పేజీ ఇవ్వలేదు. మీటింగులూ ఆగిపోయాయి.

"ఆ ముక్క పైనుంటేనేం, కిందుంటేనేం, పిన్నీ? ఈ వయసులో పొమ్మంటే వీడికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?" అందావిడ.

ఆ చేతులూ ఆకుల మాట అన్నదాన్ని నేనే. రెండ్రోజులు నాలో నేనే మథనపడ్డాను. వీధిలో అందరినీ అడిగేకంటే మనిషినే అడగడం మేలనిపించి మేడెక్కాను. నిదానం ఎప్పట్లాగే బల్ల ముందు కూర్చుని టైపు చేస్తున్నాడు.

"డొంకతిరుగుడు లేకుండా చెప్పు, నాయనా. నీ ఉద్యోగం ఉందా, ఊడిందా?"

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు చెప్పాడు.

"ఊడలేదు, పిన్నిగారూ, వేలాడుతోంది. మీటింగులకి నేనే రానన్నాను. నోటిమాట మీద ఆ వాక్యం కిందికి దించనని, దించమని ఎవరైనా తమ పేరుతో రాసి పంపితే ఆ క్షణమే దించుతానని చెప్పాను. నిజంగా దించుతాను, నాకు మాత్రం ఉద్యోగం అక్కర్లేదా? ఇంతవరకూ ఒక్కరూ రాయలేదు."