ఖాళీ ట్యాంకు

హొసకోటె బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన పేరు నేనడగలేదు. మా పాత కారుకు ప్లాస్టిక్ పెట్రోల్ ట్యాంకు పెట్టించామనీ, తీసేసిన ఇనుప ట్యాంకును మా ఆయన ఈ రోజే మా మరిది వెల్డింగ్ షాపులో కోయించి పూలతొట్టి చేయిస్తున్నాడనీ మాటల్లో చెప్పాను.

"కోసే ముందర నీళ్ళు నింపినారా అమ్మా?"

"ఎందుకు? నెల నుంచి ఖాళీగానే ఉంది."

"ఖాళీదే పేలేది. లోపల పెట్రోల్ ఆవిరి ఉండాది," అంటూ తువ్వాలు కింద నుంచి కుడిచెయ్యి తీశాడు. దానికి మిగిలింది బొటనవేలొక్కటే.

తర్వాతి స్టాపులోనే దిగి ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను. షాపులో ఎవరూ ఫోనెత్తలేదు. మూడోసారి నంబరు తిప్పితే మా ఆయన ఎత్తాడు.

"ఇంకా కొయ్యలేదు. కరెంటు పోయింది," అన్నాడు చిరాగ్గా.

ఇప్పటికీ కరెంటు పోతే నేను విసుక్కోను.