గేటు ముందు పొయ్యి

గేటు ముందు పొయ్యి పెడదామన్న ఆలోచన నాది కాదు. నేను వినతిపత్రం రాద్దామన్నాను. జీవితమంతా సభల్లో వాదించి, కరపత్రాలు అచ్చేసి, బాబాల విభూతి గుట్టు విప్పుతూ తిరిగినవాడికి అంతకన్నా ఏం తోస్తుంది? నా మాట విని అక్క నవ్వింది.

"కాయితం లోపటికి పోతది సారూ, మల్ల బయటికి రాదు. పొయ్యి పెడితె అందరికి కనబడతది. రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు గీ రోడ్డు మీదనే వండుకొని తిన్నం. ఎవడన్న కదిలించిండా మమ్మల్ని?"

అక్క అంటే నాకు తోబుట్టువు కాదు. తొండుపల్లిలో మా వీధి చివర ఉండే రైతు కుటుంబపు ఆవిడ. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. వాళ్ల పొలం విమానాశ్రయం కిందికి పోయింది. మిగిలిన జాగాలో గదులు వేసి కిరాయికిచ్చింది. ఒక గదిలో టైల్స్ వేసే మేస్త్రీ, అతని భార్య ఉండేవాళ్లు. బెంగాలీ మాట్లాడే ముస్లింలు. మా ఇంట్లో స్నానాల గది గచ్చు అతను వేసిందే. ఏ మూల నీళ్లు పోసినా నేరుగా తూము వైపే పోతాయి. భార్య ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోమేది.

ఒక పొద్దున పనికి పోతుంటే అతన్ని పట్టుకుపోయారు. కేంద్రం నుంచి వచ్చిన అధికారులు, వాళ్లకు తోడుగా మన పోలీసులు. అడ్డా మీద నిలబడ్డ కూలీలను ఒక్కొక్కరినీ మాట్లాడించి, యాస చూసి కొందరిని పక్కకు తీశారట. సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చావన్నారు. ఆధార్ చూపిస్తే అది ఎవడైనా చేయించుకుంటాడన్నారు. ఓటరు కార్డు తీస్తే అదీ అంతేనన్నారు. నీ తండ్రి ఎక్కడ పుట్టాడో రుజువు తెమ్మన్నారు.

సర్వీస్ రోడ్డు పక్కన ఒక పాత గోదాము ఉంది. పట్టుకొచ్చినవాళ్లను అందులో ఉంచారు. అక్కడి నుంచి వ్యానులో విమానాశ్రయానికి, విమానంలో తూర్పు దిక్కుకు, ఆ తర్వాత సరిహద్దు అవతలికి. వ్యాను గేటు దాటితే ఇక ఎవరినీ అడగడానికి ఉండదు. మేస్త్రీ తమ్ముడు సొంతూరి నుంచి తండ్రి చదివిన బడి సర్టిఫికెట్టు, తాత పేరు మీది భూమి కాగితాలు పట్టుకుని అప్పటికే రైలెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం దాటాక వస్తాడు. అతను వచ్చేదాకా వ్యాను కదలకుండా చూడాలి. మేం కోరింది ఒక్క పూట.

ఎవరి కడుపున పుట్టావన్నది మనిషికి కొలత కాదని నేను నా గొంతు పోయేదాకా చెప్పాను. నీ తండ్రెవడు, నీ తాతెవడు అని అడిగి మనిషిని గడప బయట నిలబెట్టేవాళ్లతో పోట్లాడటమే నా చదువు. ఆ ప్రశ్న చచ్చిపోతుందని నమ్మాను. చావలేదు. గోదాము గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వెనకటికి అలా అడిగినవాడి చేతిలో ధర్మశాస్త్రం ఉండేది, ఇప్పుడు అడిగేవాడి చేతిలో చట్టం ఉంది. శాస్త్రాన్ని తగలబెట్టమని పిలుపిచ్చాం. చట్టాన్ని ఏం చేయాలో మాకెవరూ నేర్పలేదు.

మర్నాడు పొద్దున్నే జనం వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్లు. తలమీద కట్టెల మోపులు, చేతుల్లో కూరగాయల సంచులు. అక్క పక్కింటాయన మాత్రం ఉత్త చేతులతో వచ్చి, దూరంగా మోటార్ సైకిల్ మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"మనోళ్లు గాదు, మన మతం గాదు. నీకెందుకే అక్కా గీ పరేషాన్?"

"మనోడు గాదా? మరి నీ దేవునర్రల టైల్స్ ఎవడేసిండురా? పో, పోయి పీకి పారెయ్. మట్టిల కూసొని మొక్కు."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆయన దిగి వచ్చి రాళ్లు మోశాడు. గేటుకు నట్టనడుమ మూడు రాళ్ల పొయ్యి లేచింది. దాన్ని తొక్కకుండా వ్యాను బయటికి రావడానికి లేదు.

పొయ్యి ముట్టించే ముందు ఎవరో కొబ్బరికాయ తీశారు. నేను ఊరుకోలేకపోయాను.

"అక్కా, ఇది నిరసన. పూజ కాదు."

"మీరు జర అటు మల్లుండ్రి సారూ. మీకు కనబడకుంటె కొట్టనట్టే."

అటు తిరిగాను. కాయ పగిలిన చప్పుడు వినబడింది. ఆ రోజు నేను ఓడిన మొదటి వాదం అదే, దానికి నాకు బాధ లేదు.

గెలిచిన వాదమే నన్ను ఇంకా తింటోంది. పప్పు ఉడుకుతుండగా లోపలి అధికారి బయటికి వచ్చాడు. ఉత్తరాది మనిషి, మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు. మాట యాస మనిషి పౌరసత్వానికి రుజువు ఎలా అవుతుందని అడిగాను. కాదన్నాడు. సరిహద్దుకు ఇవతల కూడా అదే భాష మాట్లాడే జిల్లాలు ఎన్నో ఉన్నాయి కదా అన్నాను. ఉన్నాయన్నాడు. నేరం మోపినవాడే రుజువు చూపాలి కదా అంటే, ఈ చట్టంలో అలా కాదు, విదేశీయుణ్ని కానని అతనే నిరూపించుకోవాలి అన్నాడు. మరి నిరూపించుకోవడానికి ఈ ఒక్క పూట ఇవ్వకపోతే ఆ చట్టానికైనా అర్థం ఏముంది? "మీరన్నది సబబే" అన్నాడు. పైనుంచి ఆర్డర్ రాకపోతే తప్పకుండా ఆగుతానన్నాడు. వస్తే తన చేతిలో లేదన్నాడు.

తిరిగొచ్చి, ఒప్పుకున్నాడని చెప్పాను.

"ఒప్పుకొని ఇడిశిపెట్టిండా?" అంది అక్క గరిటె తిప్పుతూ.

"లేదు."

"మరి ఏం ఒప్పుకున్నట్టు?"

వాదించడమంటే అవతలివాడు ఒప్పుకునేదాకా నడిచే పని అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒప్పుకున్న తర్వాత కూడా ఏమీ జరగని చోటు ఒకటి ఉంటుందని అనుకోలేదు.

వంట అయింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. ఎండ మాడు పగలగొడుతోంది. గేటు దగ్గర కాపలా ఉన్న మన ఎస్సై, పొద్దుటి నుంచి అక్కతో మంచిగానే మాట్లాడుతున్న కుర్రాడు, దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గీ ఎండల ఏం తింటరు? గా కానుగు చెట్టు కిందికి జరగుండ్రి. పొయ్యి గీడనే ఉండనియ్యి, ఎవ్వలు ముట్టరు."

"మీరు గూడ వచ్చి తినుండ్రి తమ్మీ. పొద్దుగాల కెల్లి నిలవడ్డరు."

గిన్నెలు నీడలోకి మోశాం. రోడ్డు వారగా వరసలో కూర్చున్నాం. వడ్డిస్తానని మేస్త్రీ భార్య ముందుకొచ్చింది. ఆమె చేతి అన్నానికి ఎవరు ముఖం తిప్పుకుంటారో చూద్దామని నేను కాచుకుని ఉన్నాను. ఒక్కరూ తిప్పుకోలేదు. అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. పక్కింటాయన రెండోసారి అడిగి పప్పుచారు పోయించుకున్నాడు. కానిస్టేబుళ్లు లాఠీలు పక్కన పెట్టి అదే వరసలో కూర్చున్నారు. నా ముందు తరంవాళ్లు ఇలాంటి పంక్తి కోసం దెబ్బలు తిన్నారు. నేను ఎన్నో వేదికల మీద దాని గురించి మాట్లాడాను. నిజంగా చూసింది మాత్రం అక్కడే.

అప్పుడే ఇంజిను చప్పుడు.

పక్కింటాయన సగం లేచాడు. నేనూ, మరో ఇద్దరూ లేచాం. అక్క గేటు వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. వెనక్కి చూడలేదు. పిల్లలకు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"కూసోండ్రి, కూసోండ్రి. అన్నం ముంగట లేవొద్దు."

లేచినవాళ్లం కూర్చున్నాం.

ఎంతసేపు? ఒక్క ముద్ద మింగేంతసేపు. అక్క తల తిప్పేసరికి వ్యాను ముందు చక్రాలు పొయ్యి మీదికి వచ్చేశాయి. ఒక రాయి పక్కకు దొర్లింది. బూడిద లేచింది. కిటికీలకు జాలీ ఉంది, లోపల ఎవరున్నారో కనబడలేదు. మేస్త్రీ భార్య గరిటె పట్టుకునే వెంట పరుగెత్తింది. పక్కింటాయన ఎంగిలి చేత్తోనే మోటార్ సైకిల్ తీశాడు. ఆమెను వెనక ఎక్కించుకుని విమానాశ్రయం దారి పట్టాడు. మన మతం కాదన్న మనిషే.

ఎస్సై పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నాకు తెల్వదక్కా. నా పిల్లల మీద ఒట్టు, నాకు చెప్పలే."

నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క తన పళ్లెం వైపు చూస్తోంది. మేమంతా చూస్తున్నది ఆమె వైపు. చూడకూడదని తెలిసినా చూశాం. తప్పు ఆ మాటది కాదని వెంటనే చెప్పి ఉండాల్సింది. వ్యానును ఆపేది పొయ్యి కాదు, పొయ్యి చుట్టూ మనుషులు. ఆ మనుషులను నీడకు పంపింది ఆకలీ ఎండా. ఈ తర్కమంతా తర్వాత కుదిరింది. ఆ క్షణంలో తోచలేదు.

తలమీదుగా విమానాలు ఎప్పటిలాగే పోతున్నాయి. ఒక్కోటి లేచినప్పుడల్లా అందరం పైకి చూసేవాళ్లం. అందులో అతనున్నాడో లేడో ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం దాటాక మేస్త్రీ తమ్ముడు వచ్చాడు. ఆటో దిగి, జనాన్ని చూసి, ముఖం విప్పారి నవ్వాడు. ఇంతమంది తన అన్న కోసం వచ్చారని అతనికి ఫోనులో వదిన చెప్పే ఉంటుంది. దారిలో చాయ్ బిస్కెట్లు తప్ప ఏమీ తినలేదని మనిషిని చూస్తే తెలుస్తోంది. కవరు నా చేతికిచ్చి హిందీలో అడిగాడు, అన్నను చూడనిస్తారా, వదిన ఎక్కడ అని.

"పహలే ఖావో బేటా," అంది అక్క, ముందు తినమని. తనకు వచ్చిన హిందీ అంతే. కూర్చోబెట్టి పళ్లెం పెట్టింది.

అన్నం ముందున్న మనిషికి చెడ్డ కబురు చెప్పరు మా వైపు. ఎన్నో ఆచారాలను మూఢత్వమని రాశాను, దీని జోలికి ఎందుకో పోలేదు. ఆ రోజూ పోలేదు. చుట్టూ అంతమంది ఉన్నాం, వ్యాను పోయిందని ఒక్కరమూ చెప్పలేదు. అతను తలొంచుకుని ఆబగా తింటున్నాడు.

నేను కాగితాలు విప్పాను. తండ్రి పేరు, ఊరు, జిల్లా. బడి ముద్ర. తాత పేరు మీద భూమి. అన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఏ కోర్టులోనైనా, ఏ వేదిక మీదైనా గెలవగలిగిన రుజువు. జీవితంలో నేను అడిగిందల్లా అదే, రుజువు. చేతిలో ఉంది.

"మంచిగున్నయా సారూ కాయితాలు?" అంది అక్క, నా వైపు చూడకుండా.

"మంచిగున్నయి."

ఆమె ఇంకో గరిటె అన్నం వేసింది. అతను తిన్నాడు. మళ్లీ వేసింది. చాలు అమ్మా అన్నాడు. పప్పుచారు పోసి మరో గరిటె వేసింది. ఆ పళ్లెం ఖాళీ అయితే ఏం చెప్పాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. అందుకే వేస్తూ పోయింది. చివరికి అతను రెండు చేతులూ పళ్లెం మీద అడ్డంపెట్టి నవ్వాడు.

లేచి, చెంబు నీళ్లతో చెయ్యి కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు. నా దగ్గరికి వచ్చి కవరు తీసుకున్నాడు. తెరిచి ఉన్న గేటు వైపు చూసి అడిగాడు, ఇవి లోపల ఎవరికివ్వాలి అని.